తిమింగలాలకు పెట్టిన సారె

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. దాని పేరు శంఖాలరేవు. ఊఁ కొట్టు మరి. ఊఁ కొట్టకపోతే కథ అక్కడే కూలబడుతుంది. ఆఁ, అలాగ.

ఆ ఊరికి ఏటా చలి మొదలవగానే చుట్టాలొచ్చేవారు. బస్సెక్కి కాదు, రైలెక్కి కాదు, ఈదుకుంటూ వచ్చేవారు. ఎవరనుకున్నావు? తిమింగలాలు! ఒళ్ళంతా నలుపు, పొట్ట తెలుపు, కంటి పక్కన సున్నంతో దిద్దినట్టు ఓ తెల్లమచ్చ. వాటికి పెద్ద ఎవరో తెలుసా? తాతా కాదు, మామయ్యా కాదు. అమ్మమ్మ! చేపలెక్కడ దొరుకుతాయో, ఏ దారిన పోవాలో అన్నీ ఆవిడే చెప్పాలి. నీళ్ళ అడుగున "కూఁ...య్" అని కూత పెడుతుంది. కూతుళ్ళూ మనవలూ ఆ కూత వింటూ వెనకాలే పోతారు. నీలాగా "ఎందుకూ, ఎందుకూ" అని ప్రాణాలు తోడెయ్యరు.

ఊరివాళ్ళు వాటిని "మా ఆడపడుచులు" అనేవారు. పుట్టింటికొచ్చిన ఆడపడుచుని వట్టి చేతులతో పంపిస్తామా? అందుకని సారె పెట్టేవారు. చలిమిడీ, పసుపూ కుంకుమా, బంతిపూలూ సముద్రంలో వదిలేవారు. తిమింగలం చలిమిడి తింటుందా అంటావు కదూ? తినదు. చేపలు తింటాయి. ఆ చేపల్ని అవి తింటాయి. మరి సారె ముట్టినట్టా, ముట్టనట్టా?

ఆ చుట్టాల్ని చూడ్డానికి పట్నాల నుంచి జనం వచ్చేవారు. వాళ్ళని పడవెక్కించుకుని తీసుకెళ్ళేది సింగమ్మ. అబ్బో, ఏం గొంతమ్మా ఆవిడది! ఈ రేవులో కేకేస్తే పై రేవులో కాకులు లేచిపోయేవి. "రండి బాబూ రండి, తిమింగలాల్ని సూద్దురు గాని రండి!" అంటే దారిన పోయేవాళ్ళు కూడా వచ్చి పడవలో కూర్చునేవారు. మనసు మాత్రం వెన్నపూస. నోరే ఊరుకోదు పాపం.

ఆవిడకో కూతురు, పైడి. తల్లి గొంతులో పిసరు కూడా రాలేదు దానికి. అది మాట్లాడితే దోమ పాడినట్టుండేది. పడవ మోటారు ఓ పక్క, తల్లి కేకలు ఓ పక్క, మధ్యలో ఆ పిల్ల మాట ఎవరికి వినబడుతుంది? అందుకే పడవలో ఓ మూల, వాళ్ళ తాత తెడ్డు పక్కన కూర్చునేది. మోటార్లు రాని రోజుల్లో ఆ తాత తెడ్డు నీళ్ళలోకి దించి, పిడి చెవికి ఆనించి, చేపల గుంపు ఎటుందో వినేవాడట. పోయేముందు ఆ విద్య మనవరాలికి నేర్పి పోయాడు. ఇప్పుడెవరికి కావాలి చెప్పు, తెడ్డుతో వినడం?

ఒక ఏడాది, చేపల వేటకెళ్ళినవాళ్ళు కబురు తెచ్చారు. తిమింగలాలు వచ్చేశాయట, గుంపులో పాలు తాగే కూన ఉందట! ఇంకేముంది, సింగమ్మకి కాలు ఒకచోట నిలవలేదు.

"ఆడపడుచు బిడ్డనెత్తుకుని పుట్టింటికొస్తే, సప్పుడు లేకుండా ఎవులైనా తీసుకొస్తారేటి? డప్పులు కట్టండి! సన్నాయి పిలవండి! పడవలన్నీ కదలాల!" అంది.

ఊరంతా సరే అంటే సరే అన్నారు. ప్రేమ మరి. ప్రేమ ముంచుకొస్తే బుర్ర పనిచెయ్యదు.

అప్పుడు తల్లి చలిమిడికి పిండి దంచుతుంటే పైడి వచ్చి, "అమ్మా, డప్పులొద్దే. ఆళ్ళకి బయమేస్తాది" అంది. రోకలి చప్పుడులో సింగమ్మకి వినబడలేదు. ఆ తర్వాత రేవులో పడవలు నీళ్ళలోకి తోస్తుంటే మళ్ళీ అంది. "హైలెస్సా" కేకల్లో వినబడలేదు. ఆ తర్వాత పడవలో తల్లి కొంగు పట్టుకుని మళ్ళీ అంది. మోటారు హోరులో అదీ వినబడలేదు.

సముద్రం ఆ రోజు ఎంత నెమ్మదిగా ఉందనుకున్నావు! ఎండ నీళ్ళ మీద పసుపు చల్లినట్టు పడింది. దూరాన నల్లటి రెక్క ఒకటి లేచింది. ఆ తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత, ఆ రెండింటి నడుమ, బుజ్జి రెక్క. అరచేతంత! పట్నంవాళ్ళు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

అప్పుడు డప్పులు మోగాయి. సన్నాయి లేచింది. పడవలన్నీ మోటార్లు గుర్రుమనిపిస్తూ ఒక్కసారి ముందుకొచ్చాయి. అంతే! రెక్కలన్నీ బుడుంగుమన్నాయి. మళ్ళీ లేవలేదు. సారెగా వదిలిన బంతిపూలు మాత్రం నీళ్ళ మీద తేలుతూ ఉండిపోయాయి.

మొహాలు వేలాడేసుకుని తిరిగొస్తుంటే, ఏరు సముద్రంలో కలిసేచోట ఏదో గుండ్రంగా తిరుగుతూ కనబడింది. చూస్తే ఏముంది? ఆ కూనే! బెదిరిపోయి, తల్లిని విడిచిపెట్టి, దారి తప్పి ఏట్లోకి దూరింది. అక్కడ నీళ్ళు నడుములోతు కూడా లేవు. పోటు తీసిందంటే అవీ ఉండవు. ఇసకలో చిక్కితే ఇంకేమైనా ఉందా? పాలు తాగే పిల్ల!

"సారెట్టి పంపాల్సినోళ్ళం, పిల్లని లాక్కున్నామే తల్లీ!" అని సింగమ్మ నెత్తి కొట్టుకుంది.

అప్పుడు పడవలు అడ్డంపెట్టి దాన్ని సముద్రంలోకి తోలబోయారు. మోటార్ల హోరుకి అది ఇంకా లోపలికి పోయింది. ఆ తర్వాత కవళ్ళ చేపలు వేసి ఊరించబోయారు. పళ్ళు రాని నోటికి కవళ్ళెందుకమ్మా, మూతి తిప్పుకుంది. ఆ తర్వాత సింగమ్మ పడవ కొసన నిలబడి, తిమింగలం అమ్మమ్మని పిలుస్తూ కేకలేసింది. "ఓ పెద్దమ్మో! నీ మనవరాలు ఇక్కడుందే! రాయే!" అరిచింది, అరిచింది, అరిచింది. చివరికి గొంతు బొంగురుపోయి, కీచుమని, పూర్తిగా మూగపోయింది.

పుట్టి బుద్ధెరిగాక సింగమ్మ నోరు మూతపడటం అదే మొదలు. ఇవతల ఆవిడ నోరు ఆగింది, అవతల ఆవిడ చెవి తెరుచుకుంది. పక్కనే దోమ పాడినట్టు ఒక మాట.

"అమ్మా. అమ్మమ్మ పిలస్తన్నాది."

చూస్తే పైడి, తాత తెడ్డు నీళ్ళలో దించి, పిడి చెవికి ఆనించుకుని కూర్చుంది. సింగమ్మ వంగి తన చెవి ఆనించింది. ముందు మోటార్ల బరబరా. ఆ తర్వాత డప్పు వాడి కడియాల గలగలా. ఆ తర్వాత, వాటన్నిటి అడుగున, ఎక్కడో దూరంగా, "కూఁ...య్". మళ్ళీ "కూఁ...య్". ఆ ముసలమ్మ ఎక్కడికీ పోలేదు. బయట నీళ్ళలో నిలబడి పిలుస్తూనే ఉంది. ఈ గోలలో పిల్లకే వినబడ్డం లేదు.

సింగమ్మ కళ్ళమ్మట నీళ్ళు జలజలా కారాయి. చెప్పడానికి గొంతేదీ? రెండు చేతులూ ఎత్తి, పడవల్లోనూ ఏటి ఒడ్డునా మూగిన ఊరందరికీ దణ్ణం పెట్టింది. నోటి మీద వేలుపెట్టి చూపించింది. సింగమ్మే నోరు ముయ్యమంటోందంటే సంగతేదో ఉందని అందరూ హడలిపోయారు. మోటార్లు ఆగాయి. డప్పులు బోర్లించారు. సన్నాయి సంచిలోకి పోయింది. చంటిపిల్లల తల్లులు పిల్లల్ని రొమ్ముకి అదుముకున్నారు. శంఖాలరేవులో అంత నిశ్శబ్దం ఎన్నడూ ఎవరూ వినలేదట.

పొద్దు వాలుతోంది. నీళ్ళన్నీ కుంకుమ రంగు తిరిగాయి. గుండ్రంగా తిరిగే కూన అప్పుడు ఆగింది. తల పక్కకి వాల్చింది, ఇప్పుడు నువ్వు వాల్చావే, అలాగ. ఆ తర్వాత మెల్లగా, మెల్లమెల్లగా, సముద్రం వైపు తిరిగింది. ఒడ్డునున్న జనం ముందునుంచి పోయింది. సింగమ్మ పడవ పక్కనుంచి పోయింది. దాని ఊపిరి తుంపర పైడి చెంపమీద పడింది.

బయట, లోతు నీళ్ళలో, అమ్మమ్మ తిమింగలం నిలువునా తల పైకెత్తి చూసింది. కూన వచ్చి ముందు ఆ ముసలి పొట్ట కింద, ఆ తర్వాత పక్కనే ఉన్న తల్లి పొట్ట కింద దూరింది. మూడూ కలిసి ఎర్రటి నీళ్ళలోకి, ఆ వెనకాల చీకట్లోకి, ఊగుతూ, ఊగుతూ వెళ్ళిపోయాయి.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సింగమ్మ కూడా.

కొన్నాళ్ళకి ఆవిడ గొంతు మళ్ళీ వచ్చింది. మళ్ళీ కాకులు లేచాయి, పుట్టిన బుద్ధి ఎక్కడికి పోతుంది! కానీ తిమింగలాలుండే చోటికి చేరేసరికి మోటారు కట్టేసేది. పట్నంవాళ్ళ చేత తెడ్డుకి చెవి ఆనించి వినిపించేది. చలిమిడి మాత్రం మానలేదు. మరుసటి ఏడు ఆడపడుచులు మళ్ళీ వచ్చాయి, కూన కూడా వచ్చింది, కాస్త ఒళ్ళు చేసి.

ఆ రోజు పడవలో సింగమ్మ కూతుర్ని అడిగింది. "ఒసే పైడీ, డప్పులు వద్దని నాకు ముందే సెప్పొచ్చు కదే?"

"మూడుసార్లు సెప్పేనమ్మా" అంది పైడి.

సింగమ్మ పిల్లని ఒళ్ళోకి లాక్కుని, జుట్టు వెనక్కి తోసుకుని, చెవి దాని నోటి దగ్గర పెట్టింది. "ఇంకేటి సెప్పేవో, నేనేటి ఇన్లేదో, అన్నీ సెప్పు తల్లీ. ఇంటాను" అంది.

పైడి చెప్పింది. ఏం చెప్పిందా? నాకేం తెలుసు! వాళ్ళమ్మకి వినబడింది, అది చాలు.

కూన చేరె తల్లి పొట్టకి,
సారె చేరె గంగ గట్టుకి,
కథ నడిచిపోయె కంచికి,
మన బుజ్జితల్లి మంచానికి.

ఊఁ కొట్టవేం? ... నిద్రపోయావా? సరే, పడుకో నా తల్లి.