గీజరు మోత

కోదండపాణికి లోకంలో ఎవరితోనూ పేచీ లేదు, ఒక్క గీజరుతో తప్ప.

ఆ గీజరు ఉన్నది ఇంట్లో కాదు, బస్సులో. సీట్లన్నీ పీకేసి, రెండు పడకలు, ఒక గ్యాసు పొయ్యి, మనిషి తిరగడానికి చాలని స్నానాలగది, కింద నీళ్ల ట్యాంకు అమర్చి, భక్తుడొకాయన దాన్ని ఒక స్వామికి ఇల్లుగా చేసి ఇచ్చాడు. స్వామికి ఆశ్రమం లేదు. రమ్మన్న ఊరికల్లా వెళ్లేవారు. బస్సు ఎక్కడ ఆపితే అక్కడి కరెంటుకి వైరు తగిలించుకునేవారు. ఎవరు నీళ్లిస్తే ఆ నీళ్లే ట్యాంకుకి పట్టించేవారు. ఉప్పగా ఉన్నాయనో, సున్నం వాసన వస్తున్నాయనో ఒక్కనాడూ వద్దనలేదు. జనం ఆయన్ని బస్సు స్వామి అనేవాళ్లు.

ఆ బస్సుకి డ్రైవరూ, వంటవాడూ, స్వామికి ఉన్న ఒకే ఒక్క శిష్యుడూ పాణే. అంతకుముందు బస్సు డిపోలో మెకానిక్. పిల్లల్లేరు. భార్య కమలవేణి పోయాక కనిగిరిలో ఆ ఇంట్లో ఒంటిగా ఉండలేక, స్వామి అటు వచ్చినప్పుడు తలుపుకి తాళం వేసి వెంట వచ్చేశాడు. పదిమందిలో తిరిగితే ఒంటరితనం పోతుందనుకున్నాడు పాపం. తీరా చూస్తే స్వామి మాట్లాడేదే తక్కువ. పైగా పొద్దు పొడిచేదాకా మౌనం ఒకటి.

ఆ చలికాలం ఏ ఊరూ పిలవలేదు. ఆదోని దాటాక, ఎప్పుడో మూతపడిన ఒక పత్తి మిల్లు ఆవరణలో బస్సు ఆగిపోయింది. గేటు దగ్గర కాపలా ముసలాయన, గోడల మీద పావురాలు, వీళ్లిద్దరూ. ఎవరైనా వస్తారేమోనని పాణి సాయంత్రాలు గేటు వైపు చూసేవాడు. ఎవరూ వచ్చేవాళ్లు కాదు.

రోజూ చీకటితోనే స్వామి లేచి గీజరు స్విచ్చి వేసేవారు. కాసేపటికి మొదలయ్యేది. ముందు చిటపట, తర్వాత గుడగుడ, ఆపైన రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు ఒకటే మోత. బస్సు అద్దాలు కూడా అదిరేవి. పాణి తల మీదుగా తువ్వాలు కప్పుకుని, గోడ వైపు తిరిగి ధ్యానంలో కూర్చునేవాడు. వెలుతురు వచ్చేసరికి స్వామి స్నానం అయిపోయి ఉండేది. పాణి వెళ్లి చూస్తే అతను పోసుకోగా ఇంకా మిగిలేన్ని వేడినీళ్లు ఉండేవి. స్వామి ఎంత పొదుపుగా వాడతారో అనుకునేవాడు.

ఒకరోజు పాణి ఉండబట్టలేక అడిగేశాడు.

"స్వామీ, నాకు కాషాయం ఎప్పుడిస్తారు?"

స్వామి గోంగూర తుంచుతున్నారు. తలెత్తకుండానే అడిగారు. "మీ ఆవిడ కోసం ఏడవడం అయిపోయిందా?"

"ఎప్పుడో అయిపోయింది స్వామీ."

"మరి అడ్డమేమిటి?"

"ఆ గీజరే స్వామీ! అదేం మోత! దాని మూలాన మనసు నిలవట్లా. అది లేకపోతే నేనెప్పుడో కుదురుకునేవాణ్ణి."

"అయితే బాగుచెయ్యి," అన్నారు స్వామి. "మోత ఆగిన మర్నాడు మళ్లీ అడుగు."

అదెంత పని అనుకున్నాడు పాణి. డిపోలో అతనికి పేరుండేది. బస్సు గేటు దాటుతుండగానే చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పేసేవాడు. అంతటివాడు ఈ గీజరు దగ్గర కొత్తగా పనిలో చేరినవాడిలా తచ్చాడాడు. రోడ్ల కుదుపులకి బోల్టులు వదులయ్యాయని బిగించాడు. పాత ట్యూబు ముక్కలు కోసి గీజరుకీ గోడకీ మధ్య దోపాడు. పైపు గోడకి తగులుతోందని పక్కకి వంచాడు. ఆదోని వెళ్లి కొత్త థర్మోస్టాటు తెచ్చి వేశాడు. మూత మాత్రం విప్పలేదు. మోత మాత్రం తగ్గలేదు.

నిజం చెప్పుకోవాలంటే, ఆ మోత లేకపోతే పాణికి గడవదు. చీకట్లో గీజరు గుడగుడమనడం మొదలవగానే అతను తువ్వాలు మాటున ఏడ్చేవాడు. ధ్యానం లేదు, గీనం లేదు. ఆ మోతలో తన ఏడుపు పడకల మధ్య తెర అవతలున్న స్వామికి వినిపించదని అతని ధీమా. పెళ్లాం పోయి ఇంతకాలమైనా చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడని తెలిస్తే కాషాయం ఇస్తారా ఎవరైనా?

థర్మోస్టాటు వేసిన మర్నాడు మధ్యాహ్నం స్వామే స్పానరూ బకెట్టూ తెచ్చి గీజరు కింద పెట్టారు.

"విప్పు," అన్నారు.

ఇంక తప్పించుకునే దారి లేదు. పాణి వైరు పీకేసి, నీళ్లన్నీ వంపేసి, మూత విప్పి కాయిలు బయటికి లాగాడు. కాయిలు కనిపించనే లేదు. దాని చుట్టూ తెల్లటి పెచ్చులు చేతి మందాన గట్టిపడి ఉన్నాయి. అడుగున కూడా గులకరాళ్లలాగా రాలి ఉన్నాయి.

"ఇదీ సంగతి," అన్నాడు పాణి. "ఈ పెచ్చుల కింద నీళ్లు ఉడికి, పైకి రాలేక పేలుతున్నాయి స్వామీ. అన్ని ఊళ్ల నీళ్లూ పట్టించాం గదా, ఏ ఊరి ఉప్పు ఆ ఊరు ఇచ్చింది."

స్వామి ఒక పెచ్చు తీసి వెలుతురులో పెట్టి చూశారు. "ఎలా పోతుంది?"

"చింతపండు నీళ్లలో నానేస్తే మెత్తబడుద్ది స్వామీ. మా కమల అట్టాగే చేసేది. మా కనిగిరి నీళ్లు మరీ అన్యాయం. కాచిన గిన్నెకల్లా తెల్లగా పట్టేది. రాత్రి చింతపండు పిసికి పోసిందంటే పొద్దున్నే..."

బస్సెక్కాక ఆ పేరు అతని నోటివెంట రావడం అదే మొదలు. బయల్దేరిన రోజు ట్యాంకు నింపింది తన పెరట్లో పంపు నీళ్లతోనే. ఆవిడ నీళ్లు పట్టిన పంపు, ఆవిడ తాగిన నీళ్లు. ఆ ఉప్పు కూడా ఈ పెచ్చుల్లో ఎక్కడో ఉండే ఉంటుంది.

స్వామి చింతపండు తెచ్చి బకెట్టులో వేసి, తనే పిసకడం మొదలుపెట్టారు. సాయంత్రానికి పెచ్చులు మెత్తబడ్డాయి. పాణి కత్తి వెనకవైపుతో మెల్లగా గీకాడు. కాయిలు రాగి రంగు తేలింది. మళ్లీ బిగించి నీళ్లు నింపాడు.

మర్నాడు చీకటితోనే స్విచ్చి టక్కుమంది. పాణి అలవాటుగా తువ్వాలు కప్పుకున్నాడు. ఏడుపు తన్నుకొచ్చింది. మోత కోసం చూశాడు. గీజరు చప్పుడు లేకుండా తన పని తాను చేసుకుంటోంది. మిల్లులో పావురాలు కూడా ఇంకా లేవలేదు. కనిగిరి ఇంట్లో, అందరూ వెళ్లిపోయిన మొదటి రాత్రి సరిగ్గా ఇంతే నిశ్శబ్దం. పాణి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ఊపిరాడలేదు. లేచి తలుపు తీసుకుని బయటికి వచ్చేశాడు.

బస్సు వెనక, ఆ చలిలో, డ్రమ్ములోంచి చెంబుతో నీళ్లు ముంచి స్వామి నెత్తిన పోసుకుంటున్నారు. రాత్రంతా మంచులో ఉన్న నీళ్లు. మౌనం గనక పాణి ఏమీ అడగలేకపోయాడు. వచ్చి బస్సు మెట్టు మీద కూలబడ్డాడు.

పొద్దు పొడిచాక అడిగాడు.

"స్వామీ, మీరు చన్నీళ్లు పోసుకుంటారా?"

"చిన్నప్పటినుంచీ అంతే."

"మరి రోజూ గీజరు ఎందుకు..."

స్వామి తడి గుడ్డ పిండి తీగ మీద ఆరేశారు. లోపలికి వెళ్లి గీజరు స్విచ్చి ఆపేశారు. బయటికి వచ్చి మెట్టు మీద పాణి పక్కన కూర్చున్నారు.

పాణికి ఆ మోత మాటున ఏడ్చిన అన్ని పొద్దులూ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ముఖం దాచుకోవడానికి తువ్వాలు కోసం తడుముకున్నాడు. అది లోపలే ఉండిపోయింది.

కాషాయం అడగాల్సిన రోజు అదే. పాణి అడగలేదు.

"ఇప్పుడు ఏడువు నాయనా," అన్నారు స్వామి. "నేను వింటాను."