వరహాలమ్మ జేబుల సంచి

అనగనగా ఒక ఊళ్ళో... ఈసారి రాజూ లేడు, రాణీ లేదు. ఒక మోపెడ్డు ఉండేదే బుజ్జులూ! ఎర్రటి మోపెడ్డు. ముసలిది, మొండిది. దాని మీద వరహాలమ్మ అని ఒక కోడలుపిల్ల రోజూ నలభై క్యారేజీలు కట్టుకుని గోనె మిల్లుకి వెళ్ళేది.

క్యారేజీలంటే ఏమిటనుకున్నావ్? మిల్లులో పనిచేసే వాళ్ళ ఇళ్ళల్లో వండిన అన్నాలు. మధ్యాహ్నం మిల్లు కూత వేసేలోగా గేటు దగ్గరికి చేరాలి. ఆ పని మీదే వరహాలమ్మ ఇంట్లో పొయ్యి వెలిగేది. ఇంట్లో ఉన్నది తనూ, అత్తగారు అప్పలనరసమ్మానూ.

ఒకరోజు మోపెడ్డు నడిరోడ్డు మీద ఠక్కున ఆగిపోయింది. మెకానిక్కు దగ్గరికి తోసుకెళ్తే, "సాయంత్రం రామ్మా" అన్నాడు. సాయంత్రానికి అన్నం ఎవరు తింటారే? అప్పుడు వరహాలమ్మ క్యారేజీలు కొన్ని నెత్తిన, కొన్ని భుజాన వేసుకుని, మూడు విడతలుగా మోసింది. కూత ఎప్పుడో అయిపోయింది.

ఆ తర్వాత వరహాలమ్మకి పౌరుషం వచ్చింది. నా బండి నేనే బాగుచేసుకుంటానంది. జాతరలో ఒకడు ఎర్ర డబ్బా అమ్ముతున్నాడు. మూత తీస్తే ముప్ఫై పనిముట్లు, తళతళా తళతళా! చవకే కదా అని మురిసిపోయి కొనేసింది.

మర్నాడే గొలుసు వదులైంది. డబ్బాలోంచి పానా తీసి, నట్టుకి పట్టించి, బలంగా తిప్పింది. నట్టు కదల్లేదు గానీ, పానా మాత్రం నోరు వెళ్ళబెట్టేసింది! నట్టు మూలలన్నీ అరిగి గుండ్రంగా అయిపోయింది. ఇంక దాన్ని ఎవడు విప్పుతాడు? మళ్ళీ ఆలస్యం.

గేటు దగ్గర మేస్త్రీ గవర్రాజు మీసం మెలేసి నిలబడ్డాడు. "రెండుసార్లు అయింది వరహాలమ్మా. మూడోసారి కూత దాటితే క్యారేజీలు ఇంకొకరికి ఇచ్చేస్తాం. ఆకలితో పని చెయ్యలేం" అన్నాడు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు!

ఇంటికొస్తే అత్తగారు అందుకుంది. "ఇదేటే, వంటింట్లో గరిటెలు చాల్లేదేటి నీకు? ఇనప కొట్టు పెడతావేటి?"

అప్పుడు వరహాలమ్మ మోపెడ్డు తోసుకుంటూ పాత ఇనప సామాన్లు అమ్మే మస్తాన్ సాయిబు దగ్గరికి వెళ్ళింది. ఆయన ఎర్ర డబ్బా చూసి పకపకా నవ్వాడు. "డబ్బా కొంటే పనిముట్లు రావమ్మాయ్. పని రానీ, పానా అదే వస్తుంది. బండి ఇక్కడే నిలబెట్టు. ఈ కుప్పలో వెతుకు. నట్టుకి పట్టించి చూశాకే కొను" అన్నాడు. అరిగిన నట్టు తనే ఊడగొట్టి కొత్తది వేశాడు.

వరహాలమ్మ చీర కుచ్చెళ్ళు దోపి కుప్ప ముందు కూర్చుంది. తుప్పు, మసి, సాలెగూళ్ళు! వెతికి వెతికి ఒక పాత పానా తీసింది. నట్టుకి పెడితే, అబ్బ, గాజు చేతికి ఎక్కినట్టు ఎక్కింది! ఎగిరి గంతేసింది.

ఇంటికెళ్ళి కిరసనాయిలుతో తుప్పు తోమింది. పాత నేతచీర చింపి సంచి కుట్టి, ఆ పానాకి ఒక జేబు పెట్టింది. ఒక్కటే జేబు.

ఆ తర్వాత పెట్రోలు అందక బండి దగ్గింది. అప్పుడు ఒక స్క్రూడ్రైవరు, దానికో జేబు. ఆ తర్వాత ప్లగ్గుకి మసి పట్టింది. అప్పుడు గొట్టంలా ఉండే ప్లగ్గు పానా, దానికో జేబు. మూడు పనులు, మూడు పనిముట్లు, మూడు జేబులు. ప్రతిసారీ కూతకి ముందే గేటు దగ్గర వరహాలమ్మ!

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ. అత్తగారు మూడింటినీ కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి అమ్మవారి ముందు ఉంచింది. "రేపటిదాకా ముట్టుకోకు. వాటికీ విశ్రాంతి ఉండాల" అంది.

మిల్లుకి మాత్రం ఆ రోజు సెలవు లేదు. పొద్దున్నే పూజ చేసి మళ్ళీ మిషన్లు తిప్పేశారు. వరహాలమ్మ నలభై క్యారేజీలూ కట్టి, బండికి దండేసి, తొక్కింది. ఊహూఁ. మళ్ళీ తొక్కింది. ఊహూఁ! ప్లగ్గే. జబ్బేమిటో వరహాలమ్మకి తెలుసు, విప్పే పానా ఎక్కడుందో కూడా తెలుసు. కానీ పూజలోది తీస్తే అత్తగారు ఊరుకుంటుందా?

వరహాలమ్మ కళ్ళ నీళ్ళు తుడుచుకుని, నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని, క్యారేజీలు ఎత్తుకోబోయింది. నడిచి వెళ్తే మూడో ఆలస్యం ఖాయం.

"ఆగవే!" అని లోపల్నుంచి కేక. అప్పలనరసమ్మ తనే అమ్మవారి ముందు నుంచి ప్లగ్గు పానా తీసి, కళ్ళకద్దుకుని, పరుగున వచ్చింది. "నలభై మంది ఆకలితో కూర్చుంటే ఆ తల్లి మాత్రం నైవేద్యం తింటుందేటి? అమ్మవారికి నేను చెప్పుకుంటాను. నువ్వు విప్పు!"

ఇంక చూడు! ప్లగ్గు విప్పింది, గరుకు కాగితంతో రుద్దింది, బిగించింది, తొక్కింది. డుగుడుగుడుగు! దండ ఎగురుతోంది, క్యారేజీలు గలగలమంటున్నాయి, కోళ్ళు పారిపోతున్నాయి. గేటు ముందు బ్రేకు వేసిందో లేదో, కుయ్యిఁ మని కూత! మిల్లు మిల్లంతా ఈలలు వేసిందే! వరహాలమ్మ వేళ్ళకి మసీ, కుంకుమా చూసి గవర్రాజు చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

సాయంత్రం అత్తగారు ఏం చేసిందో తెలుసా? తన పెళ్ళినాటి పట్టుచీర అంచు కత్తిరించి, ఆ సంచికి నాలుగో జేబు కుట్టింది.

"ఇందులో ఏం పెట్టాలి అత్తా?"

"నాకేటి తెలుసు! పని రానీ, పానా అదే వస్తుందన్నాడుగా మీ సాయిబు."

ఏమిటే లేచి కూర్చున్నావ్? తలుపు వెనక వేలాడే సంచా? అవును, అదే. నేత జేబులు మూడు, పట్టు జేబు ఒకటి. ఆ పట్టు జేబులో నేను ఇన్నేళ్ళూ ఏదీ పెట్టలేదు. మనసొప్పలేదు.

నీ సైకిలు సీటు వదులైందని పొద్దున ఏడ్చావు కదూ? రేపు సైకిలు తోసుకుని ఇనప కొట్టుకి పోదాం. కుప్పలో నువ్వే వెతకాలి. నట్టుకి నువ్వే పట్టించి చూడాలి. దొరికింది ఆ పట్టు జేబులోకే!

ఇప్పుడే కాదే, తెల్లారాక! పడుకో మరి.

కథేమో కంచికి,
పానాలు సంచికి,
నువ్వూ నేనూ మంచానికి!