శీలావతి మొప్పల్లో ఆల్చిప్ప పిల్లలు

ఒకప్పుడు, ఆల్చిప్పలు గోదావరిలో రాళ్ళమీద దర్జాగా కూర్చునే రోజుల్లో, జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి, మంగళవారం నాడు మొదలైన గొడవ ఇది. ఏ సంవత్సరమని అడగవద్దు. అప్పటికి తిథులకు పేర్లు పెట్టారు గాని సంవత్సరాలకు పెట్టలేదు. ఆ రోజు పొద్దున్న ఆకు కదల్లేదు. మధ్యాహ్నం వడగాలి కొట్టింది. సాయంత్రానికి పాపికొండల మీద బొగ్గులాంటి మబ్బొకటి లేచింది.

ఆ మబ్బును చూసి గుల్లాయమ్మ గుండె గుభేలుమంది.

గుల్లాయమ్మ ముసలి ఆల్చిప్ప. అరచేయంత ఉంటుంది. ఆమె కడుపులో వెయ్యిమంది పిల్లలున్నారు, ఒక్కొక్కరూ ఆవగింజలో పాతికో వంతు. వరద వచ్చేలోగా వాళ్ళను దింపడానికి నిలకడైన చోటు కావాలి. లేకపోతే వరద వాళ్ళను ఊడ్చుకుపోయి సముద్రంలో పారబోస్తుంది. ఉప్పునీళ్ళు తాగి బతికిన ఆల్చిప్ప పిల్ల ఇంతవరకూ లేదు.

చోటుకేం, నదినిండా రాళ్ళే. కాని ఏడాదిగా వాటినిండా పీచుగుల్లలు. ఎక్కడో సముద్రాల అవతలినుంచి ఓడ అడుగున అంటుకుని వచ్చాయి. గోరంత ఉంటాయి. ఒంట్లోంచి కొబ్బరిపీచులాంటి దారాలు తీసి దేనికైనా అతుక్కుంటాయి. రాయి, పడవ, తాబేలు వీపు, ఏదీ దొరక్కపోతే ఒకదానికొకటి. చివరికి గుల్లాయమ్మ వీపు మీద కూడా కాపురం పెట్టాయి.

"నా మీద కూర్చుంటే నోరెలా తెరవను నాయనా?" అంది గుల్లాయమ్మ.

"తెరవకు. ఇన్నేళ్ళు తెరిచి ఏం సాధించావు?" అన్నాయి పీచుగుల్లలు.

తగువు గోదావరి దాకా వెళ్ళింది. గోదావరికి వరద పనులు నెత్తిమీదున్నాయి. "ఎవరు ఎక్కువమంది ఉంటే వాళ్ళకు రాళ్ళు, మిగిలినవాళ్ళకు ఇసక," అని తేల్చేసి, పరిశోధన చేసి నివేదిక ఇమ్మని నారాయణపక్షికి అప్పగించింది.

నారాయణపక్షి కొంగజాతిలో మహా పండితుడు. ఎవరన్నారంటే, ఆయనే అన్నాడు. పొడుగు మెడ, బూడిదరంగు ఉత్తరీయం, గంటలకొద్దీ మౌనం. మాట్లాడనివాడికి చాలా తెలుసని నమ్మే జబ్బు ఒడ్డు మీదే కాదు, నీళ్ళలోనూ ఉంది.

మర్నాడు ఆయన రేవులో దిగాడు. ముందుగా మోకాలు తడవని చోటు వెతుక్కున్నాడు.

"ఏవండీ పండితులవారూ," అని పిలిచాయి పీచుగుల్లలు. "లెక్క కాస్త మావైపు చూడండి. రేవు మధ్యనున్న ఆ నల్లరాయి మీకే ఇచ్చేస్తాం. హాయిగా నిలబడి చేపలు పట్టుకోవచ్చు."

"పరిశోధన దగ్గర ఇలాంటి మాటలు పనికిరావు," అన్నాడు నారాయణపక్షి గంభీరంగా. తరవాత మెడ చాచి, "ఏ రాయి? అదేనా?" అన్నాడు.

లెక్క మొదలైంది. మధ్యమధ్య నమూనాలు తీశాడు. ఆయన భాషలో నమూనా తియ్యడమంటే దారినపోయే పరిగె చేపను మింగడం. ఆల్చిప్పల పరిశోధనకు పరిగె ఎందుకని ఎవరూ అడగలేదు.

"అయ్యా, నేను కిందున్నానండీ!" అని సందులోంచి అరిచింది గుల్లాయమ్మ. "మావాళ్ళు మూడొందలమంది వీళ్ళ కిందే నలుగుతున్నారు. ఒక్కసారి ముక్కుతో నెట్టి చూడండి."

"కనిపించనిది లెక్కలోకి రాదమ్మా."

"వినిపిస్తున్నాను కదండీ!"

"వినిపించేవాటిని లెక్కపెట్టే పద్ధతి మా శాస్త్రంలో లేదు."

నివేదిక తయారైంది. పీచుగుల్లలు కోటి. ఆల్చిప్పలు సున్నా. 'ఆల్చిప్పలు ఈ నదిలో ఎన్నడూ ఉన్న దాఖలా లేదు, ఒకటి ఉన్నట్టు పుకారు మాత్రం ఉంది' అని కింద ఒక ముక్క.

గోదావరి ఇచ్చిన మాట ప్రకారం రాళ్ళు పీచుగుల్లలకు వదిలేసి, ఒక్క సుడి తిప్పింది. కిందున్న ఆల్చిప్పలన్నీ ఊడి ఇసకలోకి దొర్లాయి. సున్నా కాస్తా మూడొందలై కళ్ళెదుటే దొర్లినా నారాయణపక్షి నివేదిక దిద్దలేదు. రాసింది రాసిందేనట.

ఇసకలో పడ్డ గుల్లాయమ్మ తనకున్న ఒక్క కాలూ నాలుకలా బయటికి చాచి, ఇసక తవ్వి, సగం దాకా దిగబడింది. ఫరవాలేదు, పెద్దవాళ్ళకు పట్టు దొరికింది. కాని పిల్లలకు ఇంకా కాలే రాలేదు. ఇసకను దేనితో పట్టుకుంటారు? అప్పటికే వరద మట్టితో నీళ్ళు ఎర్రబడుతున్నాయి.

అప్పుడు శీలావతి చేప అటుగా వచ్చింది. ఏటా వరదకు ఎదురీది ఎగువన గుడ్లు పెట్టడం ఆమె అలవాటు.

"వదినా, ఎగువకేనా?" అంది గుల్లాయమ్మ.

"మరి? వరదకు ఎదురెళ్ళే దమ్ము నీకుందా ఏం?"

"లేకనే అడుగుతున్నా. నా పిల్లల్ని తీసుకెళ్ళి ఎగువ ఇసకలో దింపవూ?"

"నేనేమన్నా రేవు పడవనా? అయినా నువ్వు లేవటగా! పండితుడు రాశాడు. లేనిదానికి వెయ్యిమంది పిల్లలట!" అని శీలావతి నవ్వింది. ఆమె నవ్వితే మూతి ముడిచి నవ్వదు. నోరంతా తెరిచి, మొప్పలు ఎగరేసి నవ్వుతుంది.

గుల్లాయమ్మ ఆ తెరిచిన నోటివంక చూసింది. పంపిస్తే పిల్లల మొహం మళ్ళీ చూడదు. ఉంచుకుంటే వరద చూస్తుంది.

"గట్టిగా పట్టుకోండర్రా!" అని ఒక్క ఊపున వెయ్యిమందినీ ఆ నవ్వులోకి ఊదేసింది.

పిల్లలు చిన్న చిన్న పటకార్లలా మొప్పలను కరుచుకున్నారు.

"ఏం చేశావే! మొప్పల్లో చక్కిలిగింత!"

"నవ్వు వదినా, నవ్వు. ఎగువదాకా ఉంది దారి."

ఉమ్మినా ఊడలేదు. వెనక వరద తరుముతోంది. శీలావతి తిట్టుకుంటూనే ఈదింది. పదిహేను రోజులకు, ఎగువ ఇసకలో, కాళ్ళొచ్చిన పిల్లలు ఒక్కొక్కరే జారి దిగిపోయారు. చక్కిలిగింత ఆగింది. శీలావతికి ఏదో వెలితిగా అనిపించింది.

తిరుగుదారిలో గుల్లాయమ్మ దగ్గర ఆగింది. "నిలబడ్డారే నీ వెధవలు. వచ్చే ఏడు మాత్రం అడక్కుండా ఎక్కించావో, ఊరుకోను."

"అడిగితే ఎక్కించుకుంటావా వదినా?"

"ఛీ! ఎందుకెక్కించుకుంటాను? నవ్వుతానంతే."

వేసవి వచ్చింది. నీళ్ళు దిగాయి, రాళ్ళు తేలాయి. ఇసకలో ఆల్చిప్పలు నీళ్ళ వెంట మెల్లగా పాకాయి. పీచుతో కట్టేసుకున్నవాళ్ళు అంగుళం కదల్లేక, రాళ్ళమీదే సగానికి సగం ఎండి రాలిపోయారు.

నారాయణపక్షి తన నల్లరాయి కోసం వచ్చాడు. దానిమీద కాలు పెట్టే సందు లేదు.

"నాకిస్తామన్నారే!"

"మీరెవరు?" అన్నాయి మిగిలిన పీచుగుల్లలు. "నివేదికంతా వెతికాం. అందులో మీ పేరు లేదే!"

అయినా కాలు మోపాడు. గుల్లల అంచులకు పాదం కోసుకుపోయింది.

అప్పటినుంచే ఆల్చిప్ప పిల్లలు చేపల మొప్పలు పట్టుకుని ఊరేగుతారు, పెద్దయ్యాక ఇసకలో సగం మునిగి బతుకుతారు. పీచుగుల్లలకు రాళ్ళూ, పడవల అడుగులూ, వాటితోపాటు వేసవి ఎండా దక్కాయి. శీలావతికి ఏడాదికోసారి చక్కిలిగింత దక్కింది. నారాయణపక్షికి ఏమీ దక్కలేదు. కోసుకుపోయిన కాలు పొట్టలోకి ముడుచుకుని నీళ్ళంచున ఒంటికాలిమీద నిలబడి ఉంటాడు. చూసినవాళ్ళు మాత్రం, పాపం, పరిశోధన చేస్తున్నాడనుకుంటారు.