తోడు వేసిన గిన్నె

నీలవేణి ఆ పొద్దున కూడా పద్యం మధ్యలో ఆగిపోయింది. తర్వాతి మాట రాలేదు. చేతిలో చిరుతలు గట్టిగా మోగించి, "శ్రీమద్రమారమణ గోవిందో" అంది.

హరికథ చెప్పేవాళ్ళకు అదొక వెసులుబాటు. అలా అనగానే వినేవాళ్ళు "హరి" అంటారు. ఆ కాస్త సందులో మరిచిపోయిన మాట ఎక్కడున్నా పరుగెత్తుకొస్తుంది. నీలవేణికి మాత్రం రాలేదు. మళ్ళీ గోవింద, మళ్ళీ హరి.

సత్తిరాజు మృదంగం మీద చెయ్యి ఆపేశాడు.

"తిరుమల కొండెక్కినప్పుడు కూడా ఇన్ని గోవిందలు అనలేదమ్మాయ్," అన్నాడు.

నీలవేణికి నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. వచ్చే ఏకాదశికి ఆమె మొదటి కథ. అవతల పందిరి కూడా వేసేస్తున్నారు.

గురువు పేరిందేవి గారింట్లోనే ఉండి నేర్చుకుంటున్న పిల్ల. వచ్చిన కొత్తలో ఒక్కసారి వింటే పద్యం పట్టేసేది. నోరు విప్పితే వీధి చివరిదాకా వినిపించేది. ఎండాకాలంలో ఒక పాట వీడియో తీసి ఫోనులో పెట్టింది. జనం తెగ మెచ్చుకున్నారు. అప్పట్నించి రోజూ ఒకటి పెట్టడం, ఎవరేమన్నారో చూసుకోవడం, చూసిందే మళ్ళీ చూసుకోవడం. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు "గొంతు మరీ పెద్దది" అని రాశాడు. పొగిడినవాళ్ళు ఒక్కరూ గుర్తులేరు గాని వాడు గుర్తుండిపోయాడు. ఆనాటి నుంచి గొంతు సగానికి దించి పాడుతోంది.

నిద్ర సరిగ్గా పట్టడం లేదు. కళ్ళు మంటలు, మెడ పట్టేసింది. ఫోను టింగుమంటే చాలు, చేస్తున్న పని వదిలేసి చూడాల్సిందే.

"అమ్మా, నా వల్ల కాదు. ఏకాదశికి మీరే చెప్పండి," అంది కళ్ళు తుడుచుకుంటూ.

పేరిందేవి గారు ఆమె ఒళ్ళో ఉన్న ఫోను వైపు చూశారు. "దాన్ని కాసేపు పక్కన పెట్టకూడదుటే?"

"ఇంటికి దూరంగా ఉన్నాను. అదొక్కటే కదమ్మా నాకు తోడు."

"తోడా?" పేరిందేవి గారికి ఆ మాట బాగా నచ్చినట్టుంది. "సరే, ఇవాళ పాలకు తోడు నేను వేస్తాలే," అంటూ వంటింట్లోకి నడిచారు.

ఆ ఇంట్లో పెరుగు పని నీలవేణిది. ధనుర్మాసం చలికి పాలు ఓ పట్టాన తోడుకోవు. గోరువెచ్చని పాలలో కాస్త మజ్జిగ కలిపి, మూతపెట్టి, గిన్నెను బియ్యం డబ్బాలో కూరిపెట్టాలి. పేరిందేవి గారు అన్నీ అలాగే చేశారు. చేసి ఊరుకోలేదు. కాసేపటికి లేచి వెళ్ళి, బియ్యం పక్కకు తోసి గిన్నె బయటికి తీశారు. మూత తీసి, అటూ ఇటూ వంచి చూసి, మళ్ళీ పెట్టారు.

ఆకు నములుతూ మధ్యలో లేచారు. పక్కింటావిడతో మాట్లాడుతూ, ఆవిడ మాట పూర్తి కాకుండానే లేచారు. నడుము పట్టుకుని అమ్మా అయ్యా అంటూ కూడా లేచారు.

నీలవేణి తన ఫోనులోంచి తలెత్తింది. "ఏం చేస్తున్నారమ్మా?"

"తోడుకుందేమో చూస్తున్నానే."

రాత్రి భోజనాల వేళకు గిన్నె బయటికొచ్చింది. అందులో ఉన్నది పాలూ కాదు, పెరుగూ కాదు. విస్తట్లో వేస్తే అంచుదాకా పారింది. పేరిందేవి గారు ఆవకాయ ముక్క నంజుకుంటూ హాయిగా జుర్రుకుంటున్నారు.

నీలవేణి ఉండబట్టలేకపోయింది.

"మీకు తెలియంది కాదు కదమ్మా! మాటిమాటికీ తీసి కదిపితే ఎలా తోడుకుంటుంది? దాని మానాన దాన్ని వదిలేయాలి గాని."

"తెలుసే. చూడకుండా మనసాగితేనా!"

నీలవేణి పక్కన నేలమీదున్న ఫోను టింగుమంది. ఆ పిల్ల ఎడమచెయ్యి దానికదే అటు వెళ్ళింది. సగంలో ఆగింది. కలుపుతున్న అన్నం మీద కుడిచెయ్యి కూడా ఆగిపోయింది.

పేరిందేవి గారు తలెత్తలేదు. వేళ్ళు నాక్కోవడంలో తీరిక లేకుండా ఉన్నారు.

మర్నాడు సాధనలో పద్యం మళ్ళీ అదే చోట ఆగింది. చిరుతలు పైకి లేచాయి. సత్తిరాజు హరి అనడానికి సిద్ధంగా ఉన్నాడు. నీలవేణి చిరుతలు దించేసి, కళ్ళు మూసుకుని ఊరికే నిలబడింది. మాట వచ్చింది. దాని వెనకే పద్యం మొత్తం వచ్చింది, పాత గొంతుతో, వీధి చివరిదాకా. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది.

"ఇవాళ నన్ను ఒక్క హరి కూడా అననివ్వలేదు," అని మూతి ముడిచాడు సత్తిరాజు. ఈసారి నీలవేణికి నవ్వొచ్చింది.

పేరిందేవి గారు కూడా నవ్వుకుంటూ ఎసరు పెట్టి, బియ్యం కొలవడానికి డబ్బా మూత తీశారు. చెయ్యి పెడితే బియ్యం లోపల గట్టిగా ఏదో తగిలింది. తీసి చూస్తే నీలవేణి ఫోను.

"ఏవే, నీళ్ళల్లో గాని పడిందా? ఆరబెట్టావా?"

నీలవేణి గుమ్మం దగ్గరికి వచ్చి తల దించుకుంది.

"లేదమ్మా. నేను తోడుకుంటున్నాను."

పేరిందేవి గారు ఆ పిల్లను ఒక్క క్షణం చూశారు. ఫోనును మళ్ళీ బియ్యంలోకి దోపి, పైన ఇంకా నాలుగు గుప్పిళ్ళు కప్పి, చప్పుడు కాకుండా డబ్బా మూత పెట్టేశారు.

"ఇవాళ్టికి ఉప్మా చేసుకుందాంలే," అన్నారు.