తొమ్మిది బొరియల జొన్నలు

జొన్న కోతలయ్యాక చేనిగట్టున తొమ్మిది బొరియల ఎలుకలకూ పండగే. కానీ పోయినేడు పంపకంలో ఏడు గింజలు మిగిలాయి. ఆ ఏడింటి కోసం తోకలు కొరుక్కుని, వానాకాలమంతా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఏడంటే ఏడు గింజలు!

అందుకే ఈసారి ముసలెలుక సుంకమ్మ ఒక కట్టుబాటు పెట్టింది. రోజూ సాయంత్రం తొమ్మిది బొరియలూ సరిసమానంగా గింజలు తెచ్చి ఒకే కుప్పలో పోయాలి. పెద్దమనిషిగా నక్క భుజంగాన్ని కూర్చోబెట్టారు.

"ఒక్క గింజ మిగిలినా మళ్ళీ కొట్టుకు చస్తారు. అలా మిగిలిందా, కుప్పంతా నాదే. సరేనా అవ్వా?" అన్నాడు భుజంగం. కౌజుపిట్టలకు ఎర వేయడానికి వాడికి జొన్నలు కావాలి.

"సరే అబ్బీ" అంది సుంకమ్మ. సమానంగా పోసింది సమానంగా రాక ఎక్కడికి పోతుందని ఆమె ధీమా.

పంపకం రోజు తెల్లారినప్పటి నుంచీ నూర్లు నూర్లుగా ఎంచి, బండ మీద గోటితో గీసింది. ఒక లక్షా ఇరవై మూడు వేల నాలుగు వందల యాభై రెండు. అలవాటు కొద్దీ అంకెలు కూడింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, రెండు... పదిహేడు!

తొమ్మిదికీ తెగాలంటే పద్దెనిమిది రావాలి. ఒక గింజ తగ్గింది.

"తెమిలిందా అవ్వా?" అన్నాడు భుజంగం. మాట ముద్దముద్దగా వచ్చింది. పొద్దున దాకా గలగలా వాగిన నోరే అది!

సుంకమ్మకు అర్థమైపోయింది. నిలదీస్తే నోట్లోని గింజను గుటుక్కున మింగేస్తాడు. తొమ్మిది బొరియల పిల్లలూ వానాకాలం ఏం తిని బతకాలి? ఆమె నెమ్మదిగా తోకతో బండ తుడిచేసింది.

"తెమిలింది అబ్బీ. తొమ్మిదికీ సరిగ్గా తెగుతోంది."

నక్క చెవులు వాలిపోయాయి. "సరిగ్గా చూశావా?"

"నిన్నటిదాకా నాకూ అనుమానమే. ఇవాళ ఎట్లా కలిసొచ్చిందో మరి!"

భుజంగం కుప్ప చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "ఉండవ్వా, పురుగేమన్నా పట్టిందేమో చూస్తా" అంటూ మూతి కుప్పలో దూర్చాడు. లేచేసరికి మాట మళ్ళీ గలగలలాడింది. "ఊఁ, ఇక పంచుకోండి!"

బొరియకొకటి చొప్పున తొమ్మిది ఎలుకలు వరుస కట్టి, విడతకో గింజ తీసుకున్నాయి. పొద్దు వాలుతుండగా ఆఖరి విడత వచ్చింది. తొమ్మిది మూతులు, తొమ్మిది గింజలు. కింద ఉత్త నేల.

"ఇదేం చోద్యం!" అని అరిచాడు భుజంగం. "తీస్తే సరిపోయింది, పెడితే కూడా సరిపోతుందా?"

ఎలుకలన్నీ ఒక్కసారిగా వాడివైపు తిరిగాయి. "ఏం తీశావు మామా?" అంది పుల్లక్క, ఆఖరి గింజ పట్టుకున్న ఎలుక.

వాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

"తీసినప్పుడు సరిపోలేదు అబ్బీ, సరిపోయిందని నేనన్నానంతే" అంది సుంకమ్మ. "తొమ్మిదితో తెగే సంఖ్య ఎంత పెద్దదైనా కానీ, దాని అంకెలు కూడుకుంటూ పోతే చివరికి తొమ్మిదే తేలుతుంది. నువ్వూ కూడి చూసుంటే తెలిసేది. పాపం, గింజ నోట్లో పెట్టుకున్న తొందరలో ఉన్నావాయె!"

ఎలుకలు పడీపడీ నవ్వాయి. భుజంగం ఆ గట్టు దిగి మళ్ళీ ఎక్కలేదు.

లెక్క తాను చేసుకోనివాడు, మోసం చేయాలన్నా ఎదుటివాడి లెక్కనే నమ్ముకోవాలి.