ఇందుప్రభ వీణకు మెట్లు సవరించిన ముని

పూర్వం కృతయుగం కడపటి దినాలలో, గోమతీ తీరాన, గ్రహగతులను వేళ్ళమీద చెప్పి, నీడను చూసి పర్వతాల ఎత్తు తేల్చి, తన ఇంట్లో ఏం జరుగుతున్నదో తప్ప సమస్తమూ గణించగల ప్రమాణశీలుడనే మహర్షి ఉండేవాడు. ఆయన ధర్మపత్ని ధృతిమతి ఓర్పుకు ఆలవాలం. ఆ ఓర్పు పుట్టుకతో వచ్చింది కాదు, కాపురంతో వచ్చింది.

వారి ఏకైక పుత్రిక, వాగ్దేవీ కటాక్షపాత్రురాలైన ఇందుప్రభ, వెచ్చని మైనంలో వీణకు మెట్లను తానే నిలిపి, చెవితో విని, బొటనవేలితో సర్ది, శ్రుతి అందిస్తుంటే ఋషులు ప్రాతఃకాల సామగానం చేసేవారు. దేవతలు హవిస్సుకు విచ్చేసేవారు. ఒక వర్షర్తువులో విషజ్వరం ఆ కన్యను తీసుకుపోయింది. నాటినుంచి ధృతిమతి ఆ వీణను తానే మీటుతూ, మైనంలో కూతురి వేలిముద్రలు తడుముకుంటూ, ప్రాణం నిలుపుకుంటున్నది.

మహర్షి శోకం మరో దారి పట్టింది. బిడ్డ బతికుండగా ఆమె విద్య ఏమిటని అడగనివాడు, ఇప్పుడు నేర్చుకుందామని కొలతాడు పట్టుకుని వీణముందు కూర్చున్నాడు. తంతిలో సగం దగ్గర పై షడ్జమం, మూడింట రెండు వంతుల దగ్గర పంచమం పలకటం చూసి పులకించిపోయాడు.

"దేవీ! సంగీతమంటే భిన్నాలే! ఇంతకాలం నాకెవరూ చెప్పరేం?"

"మీరు అడిగితేగా, స్వామీ!"

పంచమానికి పంచమం, దానికి మళ్ళీ పంచమం కట్టుకుంటూ స్వరాలన్నీ చుట్టి షడ్జమానికి తిరిగి రావాలని ఆయన సంకల్పం. ఎన్నిమార్లు గణించినా చుట్టు కలవలేదు, వెంట్రుకవాసి మిగిలింది. తన లెక్క తప్పే ప్రసక్తే లేదు గనుక తప్పు మెట్లదేనని తేల్చి, భార్య నదికి వెళ్ళిన వేళ మైనం కరిగించి, మెట్లు పెకలించి, గణితం చెప్పినచోట నాటి, ఆ మిగులునంతా చివరి మెట్టు నెత్తిన పెట్టాడు.

ధృతిమతి వచ్చి చూసేసరికి మైనం నున్నగా ఉన్నది.

"ఏం చేశారు?"

"సరిచేశాను, దేవీ. అమ్మాయి ప్రతి మెట్టునూ రవ్వంత తప్పుగా పెట్టింది."

"జ్వరం కొంత వదిలిపెట్టి పోయింది" అన్నదామె. "అదీ మీరు తీసేశారు."

మర్నాడు ఋషులకు శ్రుతి అందిస్తూ ధృతిమతి మీటగానే చివరి మెట్టు నక్కలా ఊళపెట్టింది. సామగానం చెదిరింది. హవిస్సుకై వస్తున్న శచీపతి చెవులు మూసుకుని ఐరావతాన్ని వెనక్కు మళ్ళించాడు. మేఘాలు ఆయన వెంటే పోయాయి. గోమతి ఎండుతుంటే, మహర్షి ఆ మిగిలిన నీటిలోనే నిలిచి, నిరాహారుడై, శారదాదేవిని గూర్చి ఘోరతపస్సు చేశాడు.

హంసవాహిని, ధవళవస్త్రధారిణి ప్రత్యక్షమై, "వత్సా, ఏం కావాలి?" అన్నది.

"జననీ, నా బిడ్డ నిలిపిన మెట్లను మళ్ళీ అలాగే నిలుపు. ఆ చుట్టు ఎందుకు కలవలేదో కూడా సెలవియ్యి." తపస్సులో చిక్కి శల్యమైనా ఆ రెండో ప్రశ్న మాత్రం చిక్కలేదు.

"నాయనా, రెండును ఎంత రెట్టించినా, మూడును ఎంత ముమ్మడించినా అవి ఎక్కడా కలవవు. నేనూ కలపలేను. నీ కుమార్తె ఆ మిగులును ఏ మెట్టుకూ బరువు కాకుండా తలా రవ్వంత పంచింది. నువ్వు తప్పన్నది ఆ పంపకాన్నే. కరిగిన మైనానికి జ్ఞాపకముండదు. మరో వరం కోరుకో."

మహర్షి తలవంచుకున్నాడు. ఒడ్డున ఉన్న ధృతిమతి చేతులు జోడించింది.

"అమ్మా, ఆయన అడగలేరు, నేనడుగుతాను. ఆయనకు స్వరం వినే చెవినియ్యి."

"సాధ్వీ, అది సుఖపెట్టే వరం కాదు."

"తెలుసు, తల్లీ. ఆ ఇంట్లో నేనొక్కదాన్నే ఎంతకాలమని వినను?"

దేవి "తథాస్తు" అని అంతర్ధానమయింది.

ధృతిమతి మెల్లగా ఒక్కొక్క స్వరమే పాడుతుంటే, మహర్షి విని, మైనం వెచ్చచేసి, బొటనవేలితో మెట్లు సర్ది, మిగులును తలా కాస్త పంచాడు. ఉషఃకాలంలో సామం చెదరక లేచింది. సహస్రాక్షుడు హవిస్సు స్వీకరించాడు. కుంభవృష్టి కురిసి గోమతి గట్లొరసి పారింది. లోకం తన క్రమంలో పడింది.

"ఇందుప్రభ వీణే మళ్ళీ పలికింది!" అని ఋషులు జయజయధ్వానాలు చేశారు. ధృతిమతి భర్త వంక చూసింది.

"కాదు, దేవీ" అన్నాడాయన, చెంపలు తుడుచుకోకుండా. "మన అమ్మాయి గాంధారం ఇంకాస్త కిందుగా ఉండేది. ఇన్నేళ్ళూ నా చెవిన పడుతూనే ఉన్నదని ఇప్పుడు తెలుస్తున్నది."

"అవును, కిందుగానే ఉండేది" అని ధృతిమతి వచ్చి ఆయన పక్కన కూర్చున్నది.