పట్టు లేని చక్రం

చెంగల్రాయుడి ఇంట్లో అందరూ తెలివైనవాళ్ళే. ఆ మాట వాళ్ళే చెప్పుకునేవాళ్ళు, ఇంకొకరికి ఆ శ్రమ ఇచ్చేవాళ్ళు కాదు.

తమ్ముడు ఓబులేసుకు పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురికి పట్టుచీర తీసుకుని ముహూర్తానికి ముందే రావాలి, రాకపోతే పిల్లనివ్వనని మామ పెద్దనరసప్ప గట్టిగా చెప్పాడు. చెంగల్రాయుడికి ఆ బెంగ లేదు, పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడే దారి కొలిచి పెట్టుకున్నాడు. ట్రాక్టరు పెద్దచక్రానికి ఎర్రగుడ్డ కట్టి, గుడ్డ పైకొచ్చినప్పుడల్లా సంచిలో ఒక చింతగింజ వేశాడు. మామ గడప చేరేసరికి సంచి నిండింది.

"ఈసారి ఒక్కో గింజా పారేస్తా పోతాం. సంచి ఖాళీ అయితే ఊరొచ్చినట్టు," అన్నాడు. అంత తెలివికి భార్య నాంచారమ్మ దిష్టి తీసింది.

పెళ్ళిరోజు పొద్దున్నే బయల్దేరారు. అన్న ట్రాక్టరు తోలుతున్నాడు. వదిన గింజలు పారేస్తోంది. వెనక ట్రాలీలో పెళ్ళికొడుకు చీరను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ముందురోజు వాన పడి నల్లరేగడి దారంతా వెన్నలా ఉంది. సగం దారిలో చక్రం గిర్రున తిరగడం మొదలెట్టింది, ట్రాక్టరు మాత్రం కదల్లేదు.

"కదలకపోతేనేం, తిరుగుతాంది కదా," అంటూ నాంచారమ్మ గింజలు పారేస్తూనే ఉంది.

గొర్రెలు తోలుకుపోతున్న ఒకాయన ఆగి చూశాడు. "చక్రానికి పట్టు లేదప్పా. పట్టుంటేనే కదిలేది," అని తన దారిన పోయాడు.

ఇంకేముంది, ముగ్గురూ చీర వైపు చూశారు.

"పెండ్లికూతురిది కదన్నా!" ఓబులేసుకు ఏడుపొచ్చింది.

"చక్రం కదలకపోతే పెండ్లికూతురే లేదు కదరా!"

అంతే, జరీ అంచు బాగా కనబడేలా చీరను చక్రానికి చుట్టారు. నాంచారమ్మ కుచ్చిళ్ళు కూడా పెట్టింది. తడిసిన పట్టుతో చక్రం ఇంకా జోరుగా తిరిగింది. గింజలు గుప్పెళ్ళతో పారబోయాల్సి వచ్చింది. సంచి ఖాళీ అయింది.

"దిగండి, వచ్చేసినాం," అన్నాడు చెంగల్రాయుడు.

దిగారు. చుట్టూ జొన్నచేలు.

"ఊరేదన్నా?"

"లెక్క ప్రకారం మనం వచ్చినాం. ఊరే ఇంకా రాలే."

మగపెళ్ళివారన్నాక మర్యాదగా ఉండాలని ముగ్గురూ గట్టు మీద కూర్చుని ఊరి కోసం ఎదురుచూశారు.

చివరికి పెద్దనరసప్పే ఎద్దులబండి కట్టుకుని వెతుక్కుంటూ వచ్చాడు. చక్రాన్ని చూశాడు. చీరను చూశాడు.

"జారేచోట ఇసుక పొయ్యాల గానీ, చీర చుడతారంట్రా! సరే, బండెక్కండి. ఆడ ముహూర్తం జారిపోతాంది!"

చెంగల్రాయుడు ఉలిక్కిపడ్డాడు. "ముహూర్తం ఎవరి దగ్గరుంది మామా?"

"పంతులు దగ్గర. ఇంకెవరి దగ్గరుంటాది?"

ఇంకేముంది, బండి ఆగీ ఆగకముందే అన్నదమ్ములు దూకారు. పందిరి పక్కన అరుగు కట్టడానికి పోసిన ఇసుక కుప్ప ఉంది. పంతులు మంత్రానికి నోరు తెరిచేలోగా తట్ట మీద తట్ట ఆయన చుట్టూ గుమ్మరించారు. నడుము దాకా కప్పెట్టారు.

"ఇంక జారదు సామీ, కానియ్యండి," అన్నాడు చెంగల్రాయుడు.

పెద్దనరసప్ప తల పట్టుకుని కూలబడ్డాడు. పీట మీద పాత నేతచీరలో ఉన్న పెళ్ళికూతురు కదిరమ్మ మాత్రం మెడ చాచి పంతుల్ని శ్రద్ధగా చూసింది.

"ఈ పక్కన ఇంకొంచెం పొయ్యండి బావా. ఈడ జారేట్టుంది."

"మనింటికి తగిన పిల్ల!" నాంచారమ్మ ఆనందంతో కళ్ళొత్తుకుంది.

ఓబులేసు ఇంకో తట్ట తేవడానికి పరిగెత్తాడు.